‘చుట్ట మార్పు కడ్డు’: తర్వాత చోద్యమా, చోకా?

కావలి పాతబస్టాండ్: ఇంటర్‌లో మాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు సొంతంగా ఒక ఆటవెలది కట్టి బోర్డు మీద రాసేవారు. రోధకం (రెసిస్టర్) మీద రెండు పాదాలు, ప్రేరకం (ఇండక్టర్, అంటే తీగ చుట్ట) మీద రెండు. వెనక రెండే గుర్తున్నాయి:

చుట్ట మార్పు కడ్డు చోద్యమే నిలకడ
ధార కడ్డు గాదు తలచి చూడ

ముందు రెండూ వారం నుంచి నాలుక చివర ఆడుతున్నాయి గానీ బయటికి రావడం లేదు. ఆయన దగ్గర చదివినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?

ఒంగోలు పొగాకు: వేలం కేంద్రం పక్కన పెరిగినవాణ్ణి. చుట్ట అనగానే నాకు వేరేది గుర్తొచ్చింది, క్షమించండి. అది ‘సాధ్యమే నిలకడ’ కాదా?

మూలాపేట: కాదన్నా, యతి కుదరదు, పాదం మొదటి అక్షరంతో అది కలవదు. చ-స హల్లుమైత్రి సరే. ‘చు’లో ఉకారానికి ‘సా’ ఎట్టా చెల్లుద్ది? చు-చో అయితే నిక్షేపం. తిక్కన ఊరు నెల్లూరులో కూర్చున్నవాళ్లకి యతులు తప్పు చెప్పబాకండి.

వింజమూరు వైండింగ్ షాపు: యతి కుదిరితే చాలా, అర్థం అక్కర్లేదా? ఇందులో చోద్యం ఏముందబ్బా? నాకు తెలిసి అది ‘చోకుకు నిలకడ’. ట్యూబ్‌లైట్ చోకు ప్రేరకమేగా. మన ఇళ్ల కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు తిరుగుద్ది, అంటే 100 సార్లు దిశ మారుద్ది. ఆ మార్పుకే చోకు అడ్డం పడేది. అదే చోకుని బ్యాటరీకి తగిలిస్తే కాసేపటికి తీగ నిరోధం తప్ప ఇంకేమీ మిగలదు. మాస్టారు చెప్పింది అదే.

మూలాపేట: ‘చోకుకు’ భగణం, గణం వరకు ఒప్పుకుంటా. కానీ పాదం మొదట్లో చుట్ట అని, వెంటనే మళ్లీ చోకు అంటే రెండూ ఒకటే కదా. పునరుక్తి. పైగా ‘చోకుకు నిలకడ ధార అడ్డు గాదు’ అంటే ధారే చోకుకి అడ్డు కాదని తలకిందులవుద్ది.

ఒంగోలు పొగాకు: చోద్యం అన్నా తప్పే. చుట్టలో ఉండేది రాగి తీగ, దానికి నిరోధం ఉండదా? నిలకడ ధారకి కూడా కొంచెం అడ్డే.

మూలాపేట: ఆ కొంచెం రోధకం పద్దులోకి పోద్ది. రెండింటికీ వేరువేరు పాదాలు పెట్టింది అందుకే.

కావలి పాతబస్టాండ్: చోద్యం ఎందుకన్నారో నాకు తెలుసు. ఆయన ఎప్పుడూ ఒకటే లెక్క ఇచ్చేవారు. 12 వోల్టుల బ్యాటరీ, 4 ఓముల నిరోధం, 2 హెన్రీల చుట్ట. స్విచ్ వేయగానే ప్రవాహం సున్నా. ఆ హెన్రీలని ఓములతో భాగిస్తే అర సెకను. ఆ అర సెకను గడిచేసరికి 1.9 ఆంపియర్లు, ఆ తర్వాత నిదానంగా 3 దగ్గర స్థిరపడుద్ది. మొదట్లో అంత మొరాయించిన చుట్ట చివరికి అసలు లేనట్టే ఉంటది. దానికాయన చోద్యం అనేవారు.

ఇంకోటి. బ్యాటరీ తీసేసి, అదే క్షణంలో చుట్టని ఆ నిరోధంతోనే ముడేస్తే, ప్రవాహం చచ్చేలోపు ఎంత ఆవేశం నడుస్తుందని అడిగేవారు. 2 ఇంటూ 3 బై 4, ఒకటిన్నర కూలుంబులు. ‘ఆవేశాన్ని కూలుంబుల్లో కొలుస్తారు, నాది బెత్తంతో కొలుస్తారు’ అనేవారు.

వింజమూరు వైండింగ్ షాపు: ముడేయకుండా లాగేస్తే స్విచ్ దగ్గర నిప్పురవ్వ. రొయ్యల గుంట మీద ఏరేటర్ ఆపినప్పుడు చూడండి. చోద్యం అదీ. నేను మాత్రం చోకు దగ్గరే ఉన్నా.

అద్దంకి: తిక్కన ఊరని ఇందాకట్నుంచీ వింటున్నా. విరాటపర్వం నుంచి 15 పర్వాలు మీవాడివే, కాదనను. కానీ అరణ్యపర్వంలో మిగిలిపోయింది పూరించింది ఎవరు? మా ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలోని ఎర్రన. ఖాళీలు పూరించడం మా జిల్లావాళ్లకి అలవాటు. తీసుకోండి:

రోధకంబు వేడి రూపాన సుంకంబు
దండుకొనును సాగు ధార నుండి

మూలాపేట: ఎర్రనది గుడ్లూరు అంటారు. 2022లో కందుకూరు, గుడ్లూరు నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడే ఆయన మాకు వచ్చేశాడు బావా. పద్యం మాత్రం అదిరింది. ఇది మాస్టారిదా, నీదా?

అద్దంకి: ఎర్రన కూడా తాను పూరించినదాన్ని రాజమహేంద్రవరపు రాజరాజుకే అంకితం చేసి నన్నయ రాసినట్టు సాగించాడు. ఇక నన్నెందుకు అడుగుతావు?

ఒంగోలు పొగాకు: ‘దండుకొనును’ మాస్టార్లు వాడే మాట కాదు. మా మార్కెట్ మాట.

కావలి పాతబస్టాండ్: రూపాన... అవును, ‘వేడి రూపాన’ దాకా అచ్చం ఆయన గొంతే వినపడింది. కానీ ‘సుంకంబు’ కాదన్నా. ‘కప్పంబు’ అని చెవిలో ఉంది.

మూలాపేట: రెండూ తగణాలే. గణాలతో తేలదు.