కలల స్పీకర్లు: 11×14 కాంక్రీటు గదిలో ఏ జత నిలుస్తుంది?

బనశంకరి_శ్రుతి:
గది 11×14 అడుగులు, పైకప్పు తొమ్మిదిన్నర. బెంగళూరు బనశంకరిలో ఫ్లాటు. మూడు వైపులా కాంక్రీటు, నాలుగో వైపు (పొట్టి గోడ) బాల్కనీకి జరిపే అద్దాల తలుపు, కింద విట్రిఫైడ్ టైల్స్. వినేది ముప్పాతిక వంతు కర్ణాటక సంగీతం, మిగతాది 1950లు, 60ల నాటి తెలుగు సినిమా పాటలు. యాంప్ 8 ఓమ్స్‌కి 50 వాట్లు. కొంటే ఒక్కసారే కొనే జత అనుకోండి. మనసులో ఉన్నవి క్వాడ్ ఈఎస్ఎల్-57, ఎల్ఎస్3/5ఏ, క్లిప్ష్‌హార్న్, యమహా ఎన్ఎస్-1000ఎం, మ్యాగ్నెప్యాన్. వీటిని దగ్గరగా ఎరిగినవాళ్లు ఈ గదిలో ఏది ఎలా ఉంటుందో చెప్పండి. ధర సంగతి తర్వాత.

పిల్లర్_మూల:
క్లిప్ష్‌హార్న్‌ని ముందే పక్కన పెట్టేయండి. 1946 నాటి డిజైన్ అది, గది మూలే దాని బాస్ హారన్ (కింది స్వరాలని పెంచే బూరా)లో చివరి భాగం. పాత మోడళ్లకైతే వెనక అంచు గోడకి సందు లేకుండా అతుక్కోవాలి. మన అపార్ట్‌మెంట్లలో మూలకి పిల్లర్ పొడుచుకొచ్చి ఉంటుంది, లేదా మూల పక్కనే తలుపు ఉంటుంది. ఒక్క మూల చెడినా రెండు స్పీకర్ల బాస్ రెండు రకాలుగా వస్తుంది. ఒక్క వాట్‌కే 105 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత బిగ్గరో చెప్పే కొలత) ఇస్తుంది కాబట్టి మీ 50 వాట్లలో ముప్పావు భాగం ఎప్పటికీ వాడరు కూడా. పెద్ద హాలున్న పాత బంగళాకి అది కల. 11 అడుగుల గోడకి కాదు.

స్పీకర్ ఎంచే ముందు ఈ లెక్క వేసుకోండి. శబ్ద వేగం 343ని గది పొడవు (మీటర్లలో) రెట్టింపుతో భాగిస్తే మొదటి మోడ్ (గది తనంతట మోగే స్వరం) వస్తుంది. మీ 14 అడుగులకి 40 హెర్ట్జ్, 11 అడుగులకి 51, ఎత్తుకి 59. ఏ స్పీకర్ పెట్టినా ఈ మూడు చోట్లా గది ఉబ్బుతుంది. కాంక్రీటు బాస్‌ని మింగదు, తిరిగి కొడుతుంది. మృదంగం తొప్పి దెబ్బ ఆగాల్సిన చోట ఆగకుండా "ఉమ్" అని సాగితే తప్పు స్పీకర్‌ది కాకపోవచ్చు.

తిరువాన్మియూర్_గాలి:
ఈఎస్ఎల్-57 గురించి వివరంగా రాస్తాను. ఈ జాబితాలో గాత్రానికి, తంబురకి దీన్ని మించింది లేదు. ఇది ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్, అంటే హై వోల్టేజి చార్జి పెట్టిన సన్నటి పొర ముందుకీ వెనక్కీ కదులుతుంది, పెట్టె లేదు కాబట్టి పెట్టె మోత లేదు. పక్కలకి దాదాపు శబ్దం వెళ్లదు, అందుకే పక్క గోడల ప్రతిధ్వని తక్కువ. మీ 11 అడుగుల వెడల్పుకి ఇది పెద్ద లాభం. ఎత్తు 31 అంగుళాలే, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. చాప మీదో దివాన్ మీదో కూర్చుని వినేవాళ్లకి చెవి ఎత్తు సరిగ్గా కుదురుతుంది. ఎత్తు సోఫా అయితే కింద స్టాండు పెట్టాలి.

యాంప్ లెక్క: 57కి ఇవ్వదగ్గ గరిష్ఠ వోల్టేజి 33 వోల్టుల పీక్ (క్షణంపాటు తాకే పై హద్దు). మీ 50 వాట్లు అంటే 20 వోల్టుల ఆర్ఎంఎస్ (నిలకడ విలువ), పీక్‌లో 28. సరిపోయింది. 100 వాట్ల యాంప్ తగిలిస్తే 40 పీక్ అవుతుంది, ట్రెబుల్ (పై స్వరాల) ప్యానెల్ ఆర్క్ (నిప్పురవ్వ) కొట్టి చిల్లు పడుతుంది. చిల్లు పడ్డ ప్యానెల్‌ని మార్చడమే, అతుకు వెయ్యలేం. ఇంకో సంగతి, దీని ఇంపిడెన్స్ (యాంప్‌కి స్పీకర్ చూపే నిరోధం, ఓమ్స్‌లో) పై ఫ్రీక్వెన్సీల్లో 2 ఓమ్స్ కిందికి పడిపోతుంది. ఇలా కెపాసిటర్‌లా ప్రవర్తించే లోడ్‌కి స్థిరంగా ఉండని యాంప్‌లు వేడెక్కి చస్తాయి. మీ యాంప్ మోడల్ చెప్పండి, చూద్దాం.

ఇక గాలి. బాస్ ప్యానెళ్ల మీద 6 కిలోవోల్టులు, ట్రెబుల్ మీద 1.5 కిలోవోల్టులు ఉంటాయి. సముద్రం పక్కన తేమ, ఉప్పు పట్టిన దుమ్ము కలిస్తే ఆ చార్జి మెల్లగా జారిపోతుంది. లక్షణాలు ఇవి: ఒక పక్క శబ్దం తగ్గడం, ఆన్ చేసిన చాలాసేపటికి గానీ పుంజుకోకపోవడం, పాట లేనప్పుడు టిక్ టిక్ అనడం, వానాకాలంలో సన్నటి బుస. ప్యానెల్ మీది డస్ట్ కవర్ చిరిగితే లోపలికి దోమ దూరుతుంది, అప్పుడు దోమల బ్యాట్ లాగే టప్‌మంటుంది. శబ్దం తగ్గినంత మాత్రాన ప్యానెల్ పోయిందని తేల్చెయ్యకండి. ముందు హై వోల్టేజి సప్లైలోని రెక్టిఫైయర్ బ్లాక్ చూడండి, ఎక్కువసార్లు ముసలిదయ్యేది అదే. ప్లగ్ తీశాక కూడా చార్జి మిగిలి ఉంటుంది కాబట్టి హై వోల్టేజి తెలిసిన మనిషి తప్ప ఎవరూ విప్పకూడదు.

చెన్నైలో ఏసీ లేని గదిలో పెట్టుకోవద్దని ఖచ్చితంగా చెప్తాను. బెంగళూరుకి ఫర్వాలేదు, కానీ రోడ్డు వైపు కిటికీ తెరిచి ఉంచే అలవాటుంటే దుమ్ముని ప్యానెల్ అయస్కాంతంలా లాక్కుంటుంది.

బనశంకరి_శ్రుతి:
గాలి గారూ, యాంప్ ట్రాన్సిస్టర్లదే, 4 ఓమ్స్ వరకూ హామీ రాసి ఉంది. 2 ఓమ్స్ ప్రస్తావన లేదు. వెనక గోడకి ఎంత దూరం కావాలి?

తిరువాన్మియూర్_గాలి:
తక్కువలో తక్కువ మూడడుగులు, నాలుగైతే మేలు. వెనక అలని అద్దం తలుపు మీదికి వదలకండి, గాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. 2 ఓమ్స్ హామీ లేని యాంప్‌తో 57 వద్దు, అడిగి తెలుసుకున్నాకే కలపండి. తర్వాతి మోడల్ ఈఎస్ఎల్-63 అయితే 1981 నాటిది, ఆర్క్ వాసన పసిగట్టి సిగ్నల్‌ని షార్ట్ చేసే రక్షణ లోపలే ఉంది, 40 వోల్టుల దాకా తట్టుకుంటుంది. మనశ్శాంతికి అదే.

చెక్కపెట్టె:
నా ఓటు ఎల్ఎస్3/5ఏకి. బీబీసీ వాళ్లు ఔట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్లలో మాట, గాత్రం సరిచూసుకోడానికి 1970ల మొదట్లో రూపొందించిన సీల్డ్ (గాలి చొరని) పెట్టె. లోపల 5 లీటర్లే. కెఫ్ బీ110 వూఫర్ (కింది స్వరాలది), టీ27 ట్వీటర్ (పై స్వరాలది). మొదటివి 15 ఓమ్స్, 1980ల చివర్లో 11 ఓమ్స్‌కి మారాయి.

బిగ్గరగా మోగదని అందరూ భయపెడతారు కదా, లెక్క చూడండి. సెన్సిటివిటీ (2.83 వోల్టులకి ఒక మీటరు దూరంలో వచ్చే శబ్దం) 82.5 డీబీ. మీ యాంప్ ఇచ్చే 20 వోల్టులతో 17 డీబీ పెరుగుతుంది, 15 ఓమ్స్‌లో అది 27 వాట్లకి సమానం, అంటే స్పీకర్ తట్టుకునే హద్దు దగ్గరే. రెండు మీటర్ల దూరానికి 6 తీసెయ్యండి, రెండు స్పీకర్లకి 3 కలపండి. సుమారు 96 డీబీ పీక్ వస్తుంది. 11×14 గదిలో గాత్రానికి, వీణకి, వయొలిన్‌కి అది చాలా ఎక్కువ. నాదస్వరం, తవిల్ నిజం ఎత్తులో కావాలంటే మాత్రం ఇది చేతులెత్తేస్తుంది.

పెట్టె చేయించాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మన కార్పెంటర్‌కి 12 ఎంఎం అని చెప్తే "18 వేద్దాం సార్, గట్టిగా ఉంటుంది" అంటాడు. వద్దు. ఇది పలచటి బర్చ్ ప్లైకి లోపల బిట్యుమిన్ ప్యాడ్లు అంటించి, పలక మోతని గాత్రానికి అడ్డురాని చోటికి దించే డిజైన్. దళసరి చేస్తే మోత పోదు, పైకి జరిగి సరిగ్గా గాత్రం మధ్యలో కూర్చుంటుంది. ట్వీటర్ చుట్టూ ఉండే ఫెల్ట్ పట్టీలు అలంకారం కావు, పాత జతల్లో అవి ఊడిపోయి ఉంటే "స" అక్షరం గీసినట్టు వినిపిస్తుంది.

ఇతర డిజైన్లు సొంతంగా కట్టేవాళ్లకి బెంగళూరులో ఎండీఎఫ్ (చెక్క పీచు పలక) నడుస్తుంది, చెన్నైలో నడవదు. రెండు వానాకాలాలకి అంచులు ఉబ్బి స్క్రూలు వదులైపోతాయి. హెచ్‌డీహెచ్ఎంఆర్ (తేమ తట్టుకునే దట్టమైన పలక) 18 ఎంఎం, లేదా చెదల మందు పట్టించిన మంచి ప్లై వాడండి. వూఫర్‌కి చెక్క స్క్రూ బదులు టీ-నట్ (చెక్కలో దిగే లోహపు నట్). లోపల నింపడానికి దిండ్లలో వేసే రెక్రాన్ దూది చాలు, సీల్డ్ పెట్టెకి లీటరుకి 10 నుంచి 16 గ్రాములు. పూర్తయ్యాక వూఫర్‌ని మెల్లగా నొక్కి వదలండి. బద్ధకంగా పైకి వస్తే సీల్ బాగున్నట్టు, చటుక్కున వస్తే గాలి ఎక్కడో పోతోంది, ఎక్కువగా టెర్మినల్ కప్ (వైరు తగిలించే చోటు) దగ్గర.

ఎస్పీరోడ్_టంకం:
యమహా 1000ఎం కొనేముందు చూడాల్సినవి. 1974 నాటి స్పీకర్. మిడ్ (మధ్య స్వరాలది), ట్వీటర్ రెండూ బెరీలియం డోములు. నొక్కుపడినా పగిలినా బాగుచెయ్యడం కుదరదు, పగిలిన ముక్కల పొడి పీల్చితే విషం, వేలు పెట్టొద్దు. జాలీ తియ్యకుండా టార్చి వేసి చూడండి. ముందున్న లెవెల్ నాబ్‌లు ఆక్సిడైజ్ అయితే మిడ్ వచ్చిపోతుంటుంది. పవర్ ఆపేసి కాంటాక్ట్ క్లీనర్ వేసి ఇరవై ముప్పై సార్లు తిప్పితే చాలావరకు కుదురుతుంది. ఒక్కోటి 31 కిలోలు, లిఫ్టు లేని మూడో అంతస్తుకి ఇద్దరు కావాలి. పాత సినిమా పాటలకి మాత్రం ఇది కఠినం. ఆ రికార్డింగుల్లోని బుస, గరగర అంతా బల్ల మీద పరిచి చూపిస్తుంది.

ఫోమ్ సరౌండ్ (కోన్ చుట్టూ ఉండే మెత్తటి అంచు) ఉన్న ఏ పాత స్పీకర్ అయినా మన వేడికి, తేమకి ఫోమ్ పొడి అయిపోతుంది, అది మామూలే. ఎలక్ట్రానిక్స్ బజార్లయిన బెంగళూరు ఎస్పీ రోడ్డులో అయినా చెన్నై రిచీ స్ట్రీట్‌లో అయినా రిపేరుకి ఇస్తే "రబ్బరు వేస్తాం, ఎప్పటికీ పోదు" అంటారు. బిరుసు రబ్బరు వేస్తే వూఫర్ రెజొనెన్స్ (అది తనంతట కంపించే ఫ్రీక్వెన్సీ) పెరిగి బాస్ పలచబడుతుంది. ఫోమ్‌కి ఫోమే వేయించండి. కోన్ వ్యాసం, రోల్ వెడల్పు, ఫ్రేమ్ లోపలి వ్యాసం కొలిచి తెప్పించుకోవాలి. పాత జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపిగ్గా తియ్యాలి. ముందు కోన్‌కి అంటించి ఆరాక, ఫ్రేమ్‌కి అంటించేటప్పుడు 30 హెర్ట్జ్ టోన్ చాలా చిన్నగా పెట్టి కాయిల్ గీసుకోకుండా మధ్యలోకి తేవాలి. 24 గంటలు కదపొద్దు. రుద్దుకునే చప్పుడు కొంచెం వచ్చినా జిగురు ఆరకముందే సరిచెయ్యాలి, తర్వాత కుదరదు.

1980ల ట్వీటర్లు కొన్నిట్లో ఫెర్రోఫ్లూయిడ్ (కాయిల్ చుట్టూ ఉండే అయస్కాంత ద్రవం) గడ్డకట్టి ఒక పక్క తగ్గి వినిపిస్తుంది. దాన్ని కాయిల్ పోయిందని అమ్మేస్తుంటారు, అది తెలిసినవాళ్లకి మంచి బేరం.

పిల్లర్_మూల:
మ్యాగ్నెప్యాన్ (సన్నటి పొరకి వైరు అంటించిన పలక స్పీకర్) ఒక్క మాటలో: చిన్న మోడల్ ఎల్ఆర్ఎస్ సైజు (నాలుగడుగుల ఎత్తు, పద్నాలుగున్నర అంగుళాల వెడల్పు) మీ గదికి పడుతుంది, కానీ 4 ఓమ్స్. మీ యాంప్ హామీకి సరిగ్గా అంచున. పాతవి కొంటే ఎండ తగిలిన ప్యానెల్‌లో వైరు పొర నుంచి ఊడి కొన్ని స్వరాల దగ్గర జుయ్‌మంటుంది. తక్కువ వాల్యూములో 50 నుంచి 500 హెర్ట్జ్ దాకా స్వీప్ (మెల్లగా పైకి జరిగే టోన్) వేసి విని కొనండి.

వైరు గురించి ఎవరైనా అడిగేలోపు: ఇంటి వైరింగుకి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి చాలు. అయిదు మీటర్ల దూరానికి రానూపోనూ 0.075 ఓమ్ కూడా ఉండదు.

బనశంకరి_శ్రుతి:
అయితే ముందు 3/5ఏ, ఆపైన యాంప్ మారినప్పుడు ఈఎస్ఎల్-63 వైపు వెళ్తాను. గదిని ఎలా సిద్ధం చెయ్యాలి?

చెక్కపెట్టె:
అద్దాల తలుపు వీపు వెనక ఉండేలా కూర్చోండి, దానికి దళసరి పరదా, కుచ్చులు ఎక్కువ వచ్చేలా వెడల్పుకి రెట్టింపు గుడ్డ. స్పీకర్లు ఎదుటి 11 అడుగుల గోడకి రెండడుగుల ముందు, మధ్య ఆరడుగులు, 60 సెంటీమీటర్ల స్టాండ్ల మీద. రెండడుగుల దూరానికి 140 హెర్ట్జ్ దగ్గర ఒక పల్లం పడుతుంది, అందుకని పక్క గోడ దూరం కూడా అదే రెండడుగులు కాకుండా చూడండి. మీ కుర్చీ గది మధ్యలో వద్దు, 40 హెర్ట్జ్ అక్కడ మాయమవుతుంది. వెనక అద్దానికి అయిదు, అయిదున్నర అడుగుల ముందు మొదలుపెట్టి అంగుళాల చొప్పున జరపండి.

పక్క గోడల మీద ముఖం చూసుకునే అద్దం జరుపుతూ కుర్చీలోంచి ట్వీటర్ కనపడిన చోట 2×4 అడుగుల ప్యానెల్, 48 డెన్సిటీ (ఘనపు మీటరుకి 48 కిలోలు) రాక్‌వూల్ నాలుగంగుళాలు. పైగుడ్డకి నోటితో ఊదితే గాలి అవతలికి పోవాలి, పోకపోతే ఆ గుడ్డ పనికిరాదు. ఇంకో రెండు ప్యానెళ్లు మూలల్లో నిలువుగా. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్.

తిరువాన్మియూర్_గాలి:
గదిలో శబ్దం కొలవడానికి ఆర్ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితమే, యూఎస్‌బీ మైక్ యూమిక్-1 సరిపోతుంది. ఈక్వలైజర్‌తో గుట్టల్ని కొయ్యండి, పల్లాల్ని నింపబోకండి, యాంప్ శక్తి అంతా అక్కడ ఆవిరవుతుంది. ఇక వినిచూసేటప్పుడు డిసెంబర్ సీజన్‌లో సభల్లో విన్న శబ్దాన్ని కొలబద్ద చేసుకోవద్దు, చాలాచోట్ల అది హాలు స్పీకర్ల శబ్దం. మైకు లేకుండా ఎవరింట్లోనైనా తంబుర మీటుతుంటే నాలుగడుగుల దూరంలో పది నిమిషాలు కూర్చోండి. ఆ తర్వాత ఇంటికొచ్చి రికార్డింగు పెట్టి, పంచమం తీగ మీద పుట్టే ఆ జీవా (జుమ్మనే నాదం) రెండు స్పీకర్ల మధ్య గాల్లో నిలుస్తోందా, ట్వీటర్‌కి అంటుకుపోయిందా చూడండి. అంటుకుపోతే స్పీకర్లని ఇంకో అంగుళం లోపలికి తిప్పి మళ్లీ వినండి.