టేకు తలుపు మెలి తిరిగింది: ఖర్చు అడితిదా, వడ్రంగిదా, నాదా?

గోదారిగట్టు:
కాకినాడ దగ్గర కొత్త ఇల్లు, పడమర ముఖం. టేకు సింహద్వారం, ఒకటే రెక్క, ఏడడుగుల ఎత్తు. కార్తీకంలో చేయించాం, మాఘంలో గృహప్రవేశం. ఎండలు ముదిరేసరికి తాళం వైపు పై మూల అరంగుళం బయటికి లేచింది. పై గడియ పడటం లేదు. వడ్రంగిని పిలిస్తే "చెక్క పచ్చిదండీ, నేనేం చేస్తాను" అన్నాడు. చెక్క కొన్న అడితికి (కలప డిపోకి) వెళ్తే "మా సరుకు ఎండినదే, మీరే బయటి పక్క పాలిష్ కొట్టించి లోపలి పక్క వదిలేశారు" అన్నారు. కొత్త రెక్కకు డబ్బు ఎవరు పెట్టుకోవాలి?

రెండువైపులా:
అడితి వాళ్ళు చెప్పిందే కరెక్ట్. ఒక పక్క మూసేసి ఇంకో పక్క వదిలేస్తే తేమ ఒకవైపు నుంచే వస్తుంది, పోతుంది. వంగక ఏం చేస్తుంది? పైఅంచు, కిందిఅంచు కూడా పాలిష్ పట్టించారా? పట్టించి ఉండరు.

చిత్రిక:
పాలిష్ సంగతి తర్వాత. ముందు అది వంగిందా, మెలి తిరిగిందా తేల్చండి. రెక్క మీద ఐమూలగా రెండు దారాలు బిగించి కట్టండి. మధ్యలో రెండూ ఊరికే తాకితే రెక్క చదునుగా ఉన్నట్టు. ఎడం ఉన్నా, ఒకదాన్నొకటి నొక్కుతున్నా మెలి. ఒక్క మూలే లేచిందంటున్నారు కాబట్టి నాకైతే మెలే అనిపిస్తోంది.

ఒక పక్క పాలిష్ వల్ల పలక దోనెలా వంగుతుంది. మెలి ఎక్కువగా నార నుంచి వస్తుంది. చెట్టు కాండంలో నార తిన్నగా కాకుండా చుట్టుకుంటూ పైకి వెళ్తే, ఆ చెక్క ఎండేకొద్దీ తిరుగుతుంది. దానికి పచ్చిదనం తోడైతే ఇక చెప్పక్కర్లేదు. చెక్కలో తేమ సుమారు 30 శాతం కంటే తగ్గాకే కుంచించుకోవడం మొదలవుతుంది. పొడవునా దాదాపు ఏమీ తగ్గదు. అడ్డంగా మాత్రం, కాండంలో ఏటేటా పడే ఉంగరాల వెంబడి ఎంత తగ్గుతుందో కేంద్రం వైపు అందులో సగమే తగ్గుతుంది. ఆ తేడా వల్లే ఇన్ని వంకరలు. టేకు ఈ విషయంలో మిగతా కలప కంటే నయం, అయినా పచ్చిగా బిగిస్తే టేకూ తిరుగుతుంది.

భాగ్యనగరం_బ్రదర్:
డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) తలుపు పెట్టుకోండి, టెన్షన్ ఉండదు.

రెండువైపులా:
@చిత్రిక, నార, ఉంగరాలు అంటూ పాఠం చెప్పారు కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. కిందిఅంచు పాలిష్ పట్టారా లేదా? మా ఇంట్లో రోజూ గడప కడిగిన నీళ్ళు తలుపు అడుగుకు తగిలేవి. నిలువు పట్టీల కొసలు స్పాంజిలా పీల్చేశాయి. పాలిష్ మేస్త్రి డబ్బు పూర్తిగా తీసుకుని అడుగు వదిలేశాడు. ఆ తలుపు ఇప్పటికీ నేలకు రాసుకుంటోంది.

చిత్రిక:
మీది కింద ఉబ్బిన తలుపు. ఆయనది పైన లేచింది. రెండూ ఒకటి కాదండీ.

పాతకలప:
మా ఊళ్ళో దుంగలు చెరువులో పడేసి, తర్వాత నీడన ఆరబెట్టి, అప్పుడు కోసేవారు. ఇప్పుడు లారీ దిగిన మర్నాడే మిల్లుకి.

డాలస్_నుంచి:
ఇక్కడ చలికాలం హీటర్లు వేస్తే ఇంట్లో గాలి పొడిబారిపోతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న టేకు బల్ల మధ్యలో చీలింది. చెక్క ఏ గాలిలో ఉంటే ఆ గాలికి సర్దుకుంటుంది అంతే.

గోదారిగట్టు:
దారాలు కట్టి చూశాను, ఎడం ఉంది. సరే, మెలే. మరి వడ్రంగి పచ్చి చెక్క అని తెలిసీ ఎందుకు చేశాడు? మజూరీ మొత్తం తీసుకున్నాడు.

చిత్రిక:
చెక్క కొనడానికి ఆయన్ని తీసుకెళ్ళారా?

గోదారిగట్టు:
లేదు. వడ్రంగులకు అడితిలో కమీషన్ ఉంటుందని అందరికీ తెలిసిందే. నేనే కొని తెచ్చాను.

చిత్రిక:
ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. దొంగ అనుకుని అడితి గుమ్మం తొక్కనివ్వలేదు. పని ఒక్కటే కూలికి ఇచ్చారు. ఇప్పుడు చెక్కకు కూడా ఆయనే పూచీ అంటున్నారు. మా నాన్న వడ్రంగి. "పచ్చిగా ఉంది, వేసవి దాటనివ్వండి" అని ఎంతమందికి చెప్పాడో. అందరిదీ ఒకటే మాట, ముహూర్తం పెట్టేశాం అని. తర్వాత తలుపు తిరిగితే ఆఖరి వాయిదా ఎగ్గొట్టడం.

గోదారిగట్టు:
మీ నాన్నగారి డబ్బు నేను ఎగ్గొట్టలేదు. మా వడ్రంగి ఒక్కమాట కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ప్లైవుడ్ తలుపు పెట్టి గృహప్రవేశం కానిచ్చేవాణ్ణి.

సివిల్_సత్యం:
ఇద్దరూ కాస్త తగ్గండి. చెప్పడం పనివాడి ధర్మమే. కానీ మాటకు సాక్ష్యం ఉండదు, తేమకు ఉంటుంది. కొనేటప్పుడే తేమ మీటరుతో చూసి, ఆ అంకె బిల్లు మీద రాయించుకుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మీటరు పైపైనే చూస్తుంది కాబట్టి కొస నుంచి జానెడు కోసి, కోసిన చోట లోపలి చెక్క మీద పెట్టాలి. మీటరు లేకపోతే చిన్న ముక్క తూచండి, బరువు ఇక తగ్గనంతవరకూ ఓవెన్‌లో ఎండబెట్టి మళ్ళీ తూచండి. 120 గ్రాములది 100 అయితే తేమ 20 శాతం. మీ తీరప్రాంతానికి తలుపు చెక్క 14 శాతం దగ్గర ఉంటే బాగుంటుంది. మీ దగ్గర మిగిలిన ముక్కలు ఏమైనా ఉన్నాయా?

గోదారిగట్టు:
ఉన్నాయి. ఇన్ని నెలలు పోయాక వాటితో ఏం తేలుతుంది?

సివిల్_సత్యం:
తేమ తేలదు. నార తేలుతుంది. గొడ్డలితో చీల్చండి. చీలిక తిన్నగా రాకుండా మెలికలు పోతే ఎంత ఆరబెట్టినా ఆ చెక్క తిరిగేదే. అప్పుడు అడితిని అడగొచ్చు. ఈలోగా రెక్కను చిత్రిక పట్టించకండి, వానలు పడ్డాక కొంత వెనక్కి రావచ్చు. పై మడతబందు ఒక రవ్వ లోపలికి, కిందిది బయటికి జరిపిస్తే గడియ పడే అవకాశం ఉంది.

రెండువైపులా:
జరిపించేటప్పుడు ఎలాగూ రెక్క దించుతారు. కిందిఅంచు పాలిష్ పట్టించండి.

చిత్రిక:
ఆ మడతబందులు జరపడానికైనా మజూరీ ముందే ఇచ్చి పిలవండి.