జర్మనీ మాస్టర్స్‌కి కన్సల్టెన్సీ కావాలా, సొంతంగా అప్లై చేసుకోవచ్చా?

మెక్‌_ఫైనలియర్: జేఎన్‌టీయూ మెకానికల్, 7.8 సీజీపీఏ. వచ్చే అక్టోబర్ సెమిస్టర్‌కి చూస్తున్నా. ఒక కన్సల్టెన్సీ 80 వేలు అడుగుతోంది, ఇంకోటి పైసా వద్దంటోంది. ఇంట్లో ఫ్రీ దానికే మొగ్గు. ఏది నయం?

రైన్_తీరం: తమ్ముడూ, ముందు ఆ ఫ్రీ దాని సంగతే చూడు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా ఏజెంట్లకి కమీషన్ ఇవ్వవు. ప్రైవేట్ వాటిలో చాలా ఇస్తాయి. నీ దగ్గర తీసుకోనివాడు ఇంకెవరి దగ్గరో తీసుకుంటున్నాడు, పెళ్లిళ్ల పేరయ్యలాగా. అందుకే ఫ్రీ లిస్టులో ప్రైవేట్ పేర్లే ముందుంటాయి.

ప్రైవేట్‌కి ప్రభుత్వ గుర్తింపు ఉండొచ్చు, అది అబద్ధం కాదు. తేడా ఫీజులో ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అనే చిన్న రుసుము కడితే చాలు. మినహాయింపులు ఉన్నాయి: బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీ విద్యార్థులకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 శీతాకాల సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కి కోర్సుని బట్టి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 పెట్టింది. "జర్మనీలో చదువు పూర్తిగా ఉచితం" అని బోర్డు కట్టినవాడు ఇవి చెప్పడు.

ఇక 80 వేలు దేనికో అడుగు. మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ ఫీజు 18,000 రూపాయలు, అది ఎలాగూ నువ్వే కడతావు. చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూని-అసిస్ట్ ద్వారా ఒకే సెమిస్టర్‌కి 5 కోర్సులు పెడితే మొదటిదానికి 75, మిగతా ఒక్కోదానికి 30, మొత్తం 195 యూరోలు. అదీ నీదే. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలు నెలకి 992 చొప్పున నీకే తిరిగొస్తాయి. ఇవన్నీ పోను మిగిలేది ఫారం నింపడం.

తెనాలి_ఫైల్స్: రైన్ అన్నా, ఫారం నింపడమే అని తేలిగ్గా తీసేస్తున్నారు. అప్లికేషన్లు పోయేది అక్కడే. యూని-అసిస్ట్‌లో ఫీజు పూర్తిగా అందేదాకా ఫైలు కదలదు. గడువు జులై 15 అయితే 14న బ్యాంకు నుంచి పంపి ఏం లాభం? పరిశీలనకే 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొన్ని యూనివర్సిటీలు యూని-అసిస్ట్ నుంచి వీపీడీ అనే ముందస్తు పరిశీలన పత్రం తెమ్మంటాయి, ఆ తర్వాత అసలు అప్లికేషన్ వాళ్ల సొంత పోర్టల్‌లో. ఈ రెండూ ఒకటే అనుకుని ఒకదానితో ఆగిపోయేవాళ్లు ఉన్నారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే ముందే సరిచూసుకోవాలి. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకి ఇవన్నీ పట్టుకునే మనిషి ఒకరుండటం తప్పేం కాదు.

రైన్_తీరం: మనిషి ఉండటం తప్పు కాదు తెనాలి గారూ. ఆ మనిషి ఈమెయిలూ పాస్‌వర్డూ తన దగ్గరే పెట్టుకోవడం తప్పు. "డాక్యుమెంట్ తక్కువైంది" అని వచ్చే మెయిల్ కన్సల్టెన్సీ ఇన్‌బాక్స్‌లో పడుంటే పిల్లాడికి గడువు దాటాకే తెలుస్తుంది.

మార్కుల_లెక్క: అసలు నిర్ణయించేది ఫారం కాదు, గ్రేడూ క్రెడిట్లూ. తమ్ముడి 7.8నే తీసుకుందాం. మన మార్కుల్ని జర్మన్ గ్రేడ్‌గా మార్చేది బవేరియన్ ఫార్ములా: గరిష్ఠం లోంచి మన మార్కు తీసేసి, గరిష్ఠం లోంచి కనీస పాస్ మార్కు తీసేసిన దానితో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. గరిష్ఠం 10, కనీసం 5 అనుకుంటే 2.2ని 5తో భాగించాలి, చివరికి 2.32 వస్తుంది. కనీసం 4 వేస్తే 2.1. జర్మనీలో 1.0 అత్యుత్తమం, అంకె పెరిగేకొద్దీ తక్కువ. 2.5 కట్-ఆఫ్ ఉన్న కోర్సుకి కనీసం 5 లెక్కన 7.5 సీజీపీఏ కావాలి. కన్సల్టెన్సీ ఎక్సెల్‌లో 4 వేసి గ్రేడ్ బాగుందని మురిపించొచ్చు. యూనివర్సిటీ మాత్రం నీ రెగ్యులేషన్‌లో, అంటే నీ బ్యాచ్‌కి జేఎన్‌టీయూ పెట్టిన నియమాల్లో, రాసిందే తీసుకుంటుంది.

ఇంకోటి. సీట్ల పరిమితి లేని కోర్సుల్లో అర్హతలన్నీ సరిపోతే అడ్మిషన్ వచ్చేస్తుంది, సరిపోకపోతే ఎంత అందమైన ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం) రాయించినా రాదు. అలాంటి కోర్సుకి ఎస్‌ఓపీ ప్యాకేజీ కొనడం దండగ.

తెనాలి_ఫైల్స్: ఎస్‌ఓపీ విషయంలో ఒప్పుకుంటా. వీసా సంగతో? 2025 జులై 1 నుంచి తిరస్కరణపై ఉచితంగా పునఃపరిశీలన కోరే వీలు తీసేశారు. ఇప్పుడు మళ్లీ కొత్తగా అప్లై చేయాలి, లేదా జర్మనీ కోర్టుకెళ్లాలి. ఫైలు మొదటిసారే పక్కాగా ఉండాలి. దానికి అనుభవం ఉన్న కన్ను కావాలి, మొత్తం ప్యాకేజీ వద్దనుకుంటే ఫైలు చూసినందుకు మాత్రమే ఫీజు ఇవ్వండి.

బీఎస్సీ_బండి: పనికి తగ్గ ఫీజు అంటే ఏ కన్సల్టెన్సీ ఒప్పుకుంటుంది గురూ 😄

రైన్_తీరం: ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. అడగాల్సింది ఒకటే: నా మార్కులకి ప్రభుత్వ యూనివర్సిటీలు ఐదు, ఒక్కోదానికి కోర్సు వెబ్‌సైట్‌లో ఉన్న అర్హత వాక్యం, రాతపూర్వకంగా ఇమ్మను. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) వాళ్ల కోర్సుల జాబితాలో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, వాళ్లిచ్చిన లిస్టు దానితో పోల్చు. ఇవ్వలేనివాడి దగ్గర 80 వేలూ వద్దు, ఫ్రీ కూడా వద్దు.

మెక్‌_ఫైనలియర్: అర్థమైంది అన్నా. క్రెడిట్లు ఎలా సరిచూసుకోవాలి? అది వాళ్లతో చేయించుకోవచ్చా?

మార్కుల_లెక్క: అది నువ్వే చెయ్యి తమ్ముడూ, నీ సబ్జెక్టుల్లో ఏముందో వాళ్లకి తెలీదు. నాలుగేళ్ల బీటెక్ 160 క్రెడిట్లు అనుకో. జర్మనీ లెక్కలో ఏడాదికి 60 చొప్పున 240, అంటే మన ఒక క్రెడిట్ సుమారు 1.5. మ్యాథ్స్ పేపర్లు మూడు, ఒక్కోటి 4 క్రెడిట్లయితే 18 అవుతుంది. కోర్సు 20 అడిగితే అక్కడితో ఆగిపోకు. న్యూమరికల్ మెథడ్స్, ప్రాబబిలిటీ వేరే పేరుతో చదివుంటే అవీ మ్యాథ్స్ కింద చూపించొచ్చు, ఒప్పుకోవడం వాళ్లిష్టం. నీ రెగ్యులేషన్ సిలబస్ పీడీఎఫ్ దించుకో, ఆర్18 రెగ్యులేషన్ బ్యాచ్‌కి ఆర్22 రెగ్యులేషన్ పీడీఎఫ్ పెట్టకు. ఒక్కో పేపర్‌లో యూనిట్ల పేర్లు, క్రెడిట్లు, పుస్తకాలు ఒక పట్టికలో రాసి, పక్క గడిలో వాళ్ల కోర్సు అడిగే సబ్జెక్టు పెట్టు. ఖాళీ గడులు ఎక్కువున్న కోర్సు లిస్టులోంచి తీసెయ్. ఒకటో రెండో ఖాళీలే ఉంటే ఆ పట్టిక జతచేసి కోర్సు కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టు, నీ సొంత ఐడీ నుంచి.