పాత చైన్‌సా ఐడిల్‌లో ఆగిపోతోంది, ఏ స్క్రూ తిప్పాలి?

మాది బంగారుపాళెం దగ్గర. తోతాపురి చెట్ల ఎండు కొమ్మలు కోయడానికి నాన్న కొన్న పాత చైన్‌సా ఉంది. స్టార్ట్ అవుతుంది గానీ ఐడిల్‌లో (రేజ్ ఇవ్వకుండా వదిలితే) నిలవదు, రేజ్ ఇస్తే తడబడి తడబడి అందుకుంటుంది. కార్బరేటర్‌కి ఎల్, హెచ్, ఎల్ఏ అని మూడు స్క్రూలున్నాయి. ఏది తిప్పాలన్నా?

దామలచెరువు రైతు: స్క్రూల జోలికి అప్పుడే పోవద్దు తమ్ముడూ. ముందు ఎయిర్ ఫిల్టర్ కడుగు, ట్యాంకులోని పెట్రోల్ ఫిల్టర్ మార్చు, పెట్రోల్ పైపు వంచి చూడు. పాత మిషన్లలో పైపు గట్టిపడి వెంట్రుకంత చీలిక వస్తుంది, అక్కడ గాలి లాగుతుంటే ఎంత ట్యూన్ చేసినా నిలవదు.

తిరుపతి మెకానిక్: పైన చెప్పింది నిజం. ఆ తర్వాత ఇంజన్ వేడెక్కాకే ట్యూనింగ్. ఎల్ (తక్కువ రేజ్‌లో పెట్రోల్‌కి), హెచ్ (ఫుల్ రేజ్‌లో పెట్రోల్‌కి) మెల్లగా చివరిదాకా బిగించి (బలం పెడితే మొన పాడవుతుంది) ఒక చుట్టు వెనక్కి తిప్పు, చాలా వాటికి మొదలు అదే, మాన్యువల్‌లో వేరే ఉంటే అదే పాటించు. రేజ్‌కి తడబడితే ఎల్ కొద్దిగా బయటికి. ఐడిల్‌లో చైన్ తిరుగుతుంటే ఎల్ఏ (ఐడిల్ వేగం స్క్రూ) తగ్గించు, తిరిగే చైన్‌తో చెట్టెక్కడం ప్రాణం మీదికి వస్తుంది. హెచ్ మాత్రం జాగ్రత్త: ఫుల్ రేజ్‌లో కొంచెం గరగరమనాలి, కొమ్మలో దిగగానే సాఫీ కావాలి. సన్నగా కీచుమంటే పెట్రోల్, దాంతోపాటే ఆయిల్ చాలట్లేదని, పిస్టన్ పట్టేస్తుంది.

బంగారుపాళెం: పైపు వంచితే చీలిక కనబడిందన్నా! పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలి?

తిరుపతి మెకానిక్: మిషన్ మీద రాసిన లెక్కే. 50:1 అయితే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి పెట్టు.