ఫార్మల్ డిన్నర్‌లో ఏ ఫోర్కు ముందు, ఏది తర్వాత?

కృష్ణాతీరం:
వచ్చే నెల ఆఫీసు పని మీద లండన్ వెళ్తున్నాను. క్లయింట్ వాళ్లు ఒక రాత్రి నాలుగు కోర్సుల ఫార్మల్ డిన్నర్ పెట్టారు. ప్లేటుకి అటూ ఇటూ అన్నేసి ఫోర్కులు, చాకులు చూస్తేనే టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

బాంక్వెట్_బాబాయ్:
హోటల్లో టేబుళ్లు సర్దిన చేతులు బాబూ ఇవి, భయపడకు. మెనూ చూసుకుని మెయిన్ కోర్సు ఫోర్కు, చాకు ప్లేటు పక్కనే పెడతాం. దానికంటే ముందు వచ్చే చేపకి, సూపుకి కావలసినవి వరసగా బయటికి పేరుస్తాం. కాబట్టి నువ్వు బయటినుంచి లోపలికి వస్తే చాలు. ఎడమవైపు ఫోర్కులు, కుడివైపు చాకులు, సూప్ స్పూను. చాకు పదును ప్లేటు వైపే ఉంటుంది. ప్లేటుకి పైన అడ్డంగా ఉన్న స్పూను, ఫోర్కు స్వీటుకి. కుడివైపు బుల్లి ఫోర్కు కనిపిస్తే ఆల్చిప్పలు వస్తున్నాయని అర్థం. పొరపాటున వేరేది తీసినా ఏం కాదు, వెయిటర్ ఇంకోటి తెచ్చి పెడతాడు.

లీసెస్టర్_కోడలు:
ఫోర్కుల సంగతి బాబాయ్ గారు చెప్పేశారు. నన్నడిగితే గొడవంతా బ్రెడ్ దగ్గరే. గుండ్రటి టేబుల్ మీద ఏ ప్లేటు ఎవరిదో తెలిసి చావదు. ఎడమవైపు ఉన్న బ్రెడ్ మీది, కుడివైపు ఉన్న గ్లాసులు మీవి. టేబుల్ కింద రెండు చేతుల బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలిపి మిగతా వేళ్లు నిటారుగా పెట్టి చూసుకోండి. ఎడమ చెయ్యి ఇంగ్లీషు చిన్న బి, అంటే బ్రెడ్. కుడి చెయ్యి డి, అంటే డ్రింక్. బ్రెడ్‌ని చాకుతో కోయకూడదు. చేత్తో చిన్న ముక్క తుంచి, ఆ ముక్కకే వెన్న రాసి తినాలి.

ఇంకోటి. మధ్యలో ఆగితే చాకు, ఫోర్కు ప్లేటు మీద విడివిడిగా ఏటవాలుగా పెట్టండి. రెండూ పక్కపక్కనే పెట్టారో, అయిపోయిందనుకుని సగం తిన్న ప్లేటు కూడా పట్టుకుపోతారు!

పప్పుచారు:
శాకాహారులైతే ముందే చెప్పండి, మీ మెనూని బట్టి చేప చాకు తీసేసి వేరేది పెడతారు. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే అర్థం. స్వీటు విషయంలో విడిగా అడగాల్సిందే.

ఓరుగల్లు:
తినేది గుప్పెడు, హంగామా గంపెడు! చేత్తో తింటే పోయేదానికి ఇంత తతంగం ఎందుకో.

బాంక్వెట్_బాబాయ్:
ఒకప్పుడు అక్కడా మన విస్తరిలాగే వంటకాలన్నీ ఒకేసారి టేబుల్ మీద పెట్టేసేవాళ్లు. 19వ శతాబ్దంలో రష్యా పద్ధతి వచ్చింది. ఒక వంటకం తర్వాత ఒకటి వడ్డించడం. పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న కురాకిన్ దాన్ని అక్కడ పరిచయం చేశాడని చెబుతారు. ఆ వరసే ఈ ఫోర్కుల వరస. అంత దూరమెందుకు, మన ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే డైనింగ్ టేబుల్ ఉంది. ఒక్కొక్కరి ముందు ఎన్ని సామాన్లు సర్దాలో లెక్కేసుకో.

ఓరుగల్లు:
అయితే ఆ చెంచాలు కడిగినోళ్లకి దండం పెట్టాలన్నా.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్సండీ. ఒక్క డౌటు. నాది ఎడమచేతి వాటం. కూర్చోగానే చాకులు అటు, ఫోర్కులు ఇటు మార్చేసుకోవచ్చా?

లీసెస్టర్_కోడలు:
సర్దినవి కదపకండి. మా వారిదీ ఎడమచెయ్యే. ప్లేటు వచ్చాక ఆ కోర్సుకి కావలసిన జత తీసుకుని చేతులు మార్చుకుంటారు. ఎవరూ పట్టించుకోరు. సూప్ మాత్రం ఏ చేత్తో తాగినా స్పూనుని మీ వైపు కాకుండా అవతలి వైపుకి తోస్తూ నింపుకోండి, స్పూను అంచునుంచి తాగండి. చప్పుడు రాకూడదు.