అప్‌డేట్: సముద్రంలో ప్లాస్టిక్ గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

నాలుగో తరగతి పిల్లలకు సముద్రంలో ప్లాస్టిక్ గురించి భయపెట్టకుండా ఎలా చెప్పాలని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. బాగా పనిచేసింది నీళ్ల తొట్టె ఐడియా.

గాజు తొట్టెలో నీళ్లు పోసి, పల్చటి తెల్ల కవరు వేసి మెల్లగా కలిపాను. అది ఉబ్బుతూ ముడుచుకుంటూ తేలుతుంటే "టీచర్, జెల్లీ ఫిష్!" అని ఒక పాప అరిచింది. తాబేళ్లు కూడా అలాగే పొరబడి మింగేస్తాయని చెప్పగానే క్లాసంతా నిశ్శబ్దం. మన విశాఖ తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల సంగతి అప్పుడు చెప్పాను.

టెన్షన్ పడి తయారుచేసుకున్న అంకెల స్లైడ్లు అసలు అవసరమే పడలేదు. చనిపోయిన జంతువుల ఫొటోలూ చూపించలేదు. కవరులో గాలి మాత్రం పూర్తిగా తీసేయండి, లేకపోతే పైకి తేలిపోతుంది.

"మా వీధిలో పారేసిన కవరు సముద్రం దాకా ఎలా వెళ్తుంది?" అని ఒక బాబు అడిగాడు. వచ్చే వారం వాళ్లకు గెడ్డ (ఊళ్లోంచి పారి సముద్రంలో కలిసే వాగు) చూపించబోతున్నాను.