విలన్‌గా ఆడే కథలో హీరోని ఎవరు తయారు చేయాలి? రచయితా, ప్లేయరా?

తొలిప్రతి:
అందరికీ నమస్తే. ఏడాదిన్నరగా ఛాయిస్‌స్క్రిప్ట్‌లో (చదివేవాళ్లు ఎంపికలు చేస్తూ ముందుకు నడిపే కథలు రాసుకునే కంప్యూటర్ భాష) ఒక సూపర్‌హీరో కథ రాస్తున్నాను. ఇందులో ప్లేయర్ విలన్. మొదటి అధ్యాయంలో మూడు శక్తుల్లో ఒకటి ఎంచుకోవాలి: నీడల్లో కలిసిపోవడం, లోహాన్ని వంచడం, ఎదుటివాళ్ల జ్ఞాపకాలు చెరిపేయడం. ఎదురు నిలిచే హీరో పేరు దివిటీ. ఒంట్లోంచి వెలుగు పుట్టిస్తుంది.

ఆరుగురు చదివి చూశారు. నీడ శక్తి తీసుకున్న ఇద్దరికీ దివిటీ బాగా నచ్చింది. మిగతా నలుగురూ "ఈమె నాకు శత్రువేంటి, ఊరికే అడ్డొస్తోంది" అన్నారు. నిజమే, లోహం వంచేవాడికి వెలుగుతో పేచీ ఏముంది? హీరో శక్తి, స్వభావం, ఆడా మగా అన్నీ ప్లేయర్ ఎంపికను బట్టి మారేలా రాయమంటారా? లేక దివిటీని ఇలాగే ఉంచమంటారా? మూడు వారాలుగా ఒక్క సీన్ కూడా ముందుకు కదల్లేదు.

కోటగోడ:
ఉంచండి. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

ప్లేయర్ ఏది నొక్కితే దానికి తగ్గట్టు తయారయ్యే హీరో మనిషి కాదు, తాళాన్ని చూసి అరగదీసిన తాళంచెవి. ప్లేయర్ ఆట మొదలుపెట్టక ముందే ఆ హీరోకి ఒక జీవితం ఉండాలి. ఆమెకి ఇష్టమైనవాళ్లు, ఆమె చేసిన తప్పులు, విలన్‌తో సంబంధం లేని భయాలు ఉండాలి.

పని లెక్క కూడా చూసుకోండి. మూడు శక్తులు, మూడు స్వభావాలు అంటే తొమ్మిది రకాల హీరోలు. కథలో హీరో, విలన్ ఆరుసార్లు ఎదురుపడతారనుకుంటే 54 సీన్లు. ఒక్కో ప్లేయర్ అందులో చూసేది ఆరు. మిగతా 48 సీన్లలో మీరు పెట్టిన ప్రాణం ఎవరికి కనబడుతుంది?

ఆరోవేలు:
కోటగోడ గారూ, నేను ఒప్పుకోను. హిరణ్యకశిపుడి వరం గుర్తు చేసుకోండి. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. లోపల కాదు, బయట కాదు. మనిషి చేతిలో కాదు, మృగం చేతిలో కాదు. ఆయుధంతో అసలే కాదు. అందుకే సంధ్యవేళ, గడప మీద, సగం మనిషి సగం సింహం, గోళ్లు. వరంలోని ఒక్కో షరతుకీ నరసింహుడి రూపంలో ఒక్కో జవాబు ఉంది. శత్రువు బొమ్మ గీసింది హిరణ్యకశిపుడే, తను కోరుకున్న వరంతో. మరి ప్లేయర్ ఎంపికలు కూడా వరాలే కదా?

ఇలాంటి సరిజోడు శత్రువుని ఇంగ్లీషులో నెమెసిస్ అంటారు, ఆ మాట కూడా గ్రీకు దేవత పేరు. పొగరెక్కినవాళ్లకి తగిన శాస్తి చేయడం ఆవిడ పని. ఆ "తగిన" అనేదే ఇక్కడ కీలకం. నీడ విలన్‌కి తగినది లోహం విలన్‌కి ఎలా తగుతుంది?

కోటగోడ:
ఆ కథే చూద్దాం. నరసింహుడు ఉన్నది చివరి కాసేపు. అంతకుముందంతా హిరణ్యకశిపుడికి ఎదురు నిలిచింది ఎవరు? ప్రహ్లాదుడు. ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా, కొండ మీంచి తోయించినా ఆ పిల్లాడు అదే మాట చెప్పాడు. తండ్రి వరంలో ప్రహ్లాదుడి ప్రస్తావనే లేదు. తండ్రి ఏం చేసినా మారలేదు కాబట్టే ఆ తండ్రికి అంత మంట. మీరు తెచ్చిన ఉదాహరణ నా మాటే చెబుతోంది.

చదువరి22:
హీరో ఎవరైనా నాకు ఫర్వాలేదు. గెలిచే దారి ఒకటి ఉంటే చాలు.

సెమికోలన్:
ఆడా మగా మార్చే విషయం ఎవరూ పట్టించుకోలేదు, అందుకే రాస్తున్నాను. ఇంగ్లీషు కథల్లో ఇది సర్వనామం మార్చితే చాలావరకు అయిపోతుంది. తెలుగులో క్రియ కూడా మారాలి. "అతను వచ్చాడు, చూశాడు, నవ్వాడు", "ఆమె వచ్చింది, చూసింది, నవ్వింది". ఛాయిస్‌స్క్రిప్ట్‌లో వాక్యం మధ్యలోనే రెండు మాటలు పెట్టి, వేరియబుల్‌ని (ప్లేయర్ ఏం ఎంచుకున్నాడో కథ దాచుకునే విలువ) బట్టి ఒకటి చూపించే సదుపాయం ఉంది. కానీ హీరో చేసే ప్రతి పనికీ అది పెట్టాలి. నేను ఒక అధ్యాయానికి చేశాను. ఒకచోట మర్చిపోయాను, హీరో ఒకే పేరాలో "తలుపు తోశాడు, లోపలికి వచ్చింది" అయింది. చదివినవాళ్లు ఇద్దరు మనుషులు వచ్చారనుకున్నారు.

తొలిప్రతి:
సెమికోలన్ గారూ, దానికి నేనొక ఉపాయం అనుకున్నాను. హీరోకి అంతటా గౌరవవాచకం వాడితే? "దివిటీ వచ్చారు, చూశారు, నవ్వారు." ఆడైనా మగైనా ఒకటే.

నిశ్శబ్దం:
విలన్ చెప్పే కథలో విలనే హీరోని "వచ్చారు" అంటే, అప్పుడే సగం లొంగిపోయినట్టు ఉంటుంది కదండీ.

సెమికోలన్:
సంభాషణలో "నువ్వు" అనొచ్చు, కథనంలో "వచ్చారు" అనొచ్చు. కానీ రెండూ పక్కపక్కన పడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. "దివిటీ నా ముందు నిలబడ్డారు. 'నువ్వా?' అన్నాను." చదివి చూడండి.

కోటగోడ:
హీరో ఆమె అని ముందే ఖాయం చేస్తే ఈ బాధ ఒక్కటీ ఉండదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆరోవేలు:
క్రియాపదాలు కష్టం కాబట్టి హీరో మారకూడదు అనేది వాదన కాదు. 54 సీన్ల లెక్క కూడా తప్పు. సీన్ ఒకటే రాసి, అందులో మూడు నాలుగు చోట్ల వాక్యాలు మారిస్తే చాలు. దారులు విడిపోయి మళ్లీ ఒకచోట కలుస్తాయి, అందరూ చేసేది అదే. "వైరం" అని ఒక స్టాట్, అంటే ఆట సాగేకొద్దీ పెరిగే తగ్గే అంకె, పెట్టండి. ప్లేయర్ చేసే ప్రతి దారుణానికీ 20 శాతం పెంచండి. వైరం తక్కువుంటే హీరో మాట్లాడి ఒప్పించాలని చూస్తుంది, ఎక్కువుంటే మాటల్లేకుండా దిగుతుంది. అదే స్వభావం మారడం.

సెమికోలన్:
ఒక జాగ్రత్త. ఛాయిస్‌స్క్రిప్ట్‌లో శాతం గుర్తుతో కలిపితే మామూలు కూడిక కాదు, వందకి ఎంత మిగిలిందో అందులో శాతం కలుస్తుంది. వైరం 50 ఉంటే 20 శాతంతో 60 అవుతుంది. 80 ఉంటే 84 మాత్రమే. మొదటి అధ్యాయంలో చిన్న దొంగతనానికి పది పాయింట్లు పెరిగి, చివర్లో ఒక వీధినే తగలబెడితే నాలుగు పెరుగుతాయి. పెద్ద పాపాలకి స్టాట్ వద్దు. ఆ పని జరిగిందా లేదా అని విడిగా ఒక వేరియబుల్ పెట్టుకోండి. హీరో గుర్తుపెట్టుకునేది అంకెను కాదు, ఆ రాత్రిని.

చదువరి22:
శత్రువు మనల్ని గుర్తుపెట్టుకునే పద్ధతికి పేటెంట్ ఉందని విన్నాను, జాగ్రత్త.

సెమికోలన్:
2014లో వచ్చిన ఒక పెద్ద వీడియో గేమ్‌లోది అది. దాని మీద 2021లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. శత్రువులకి హోదాలు, వాళ్లలో వాళ్లు ఎదిగే ఏర్పాటు, అదంతా పెద్ద యంత్రాంగం. ఒక కథలో హీరోకి జ్ఞాపకం ఉండటం దాని కిందికి వస్తుందని నేను అనుకోను.

కోటగోడ:
వాక్యాలు మార్చితే స్వభావం మారదు. కోపం ఎక్కువా తక్కువా అన్నది స్వభావం కాదు, ఉష్ణోగ్రత. నిజం చెప్పాలంటే ఇది రచయిత తన పని ప్లేయర్ నెత్తిన పెట్టడం. హీరో ఎవరో తేల్చుకోలేక "నువ్వే చెప్పు" అనడం సోమరితనం.

ఆరోవేలు:
సోమరితనమా? కోటగోడ గారూ, ఆ మాటకి జవాబు చెప్పాలి.

రెండేళ్ల కింద ఒక పోటీకి 40 వేల పదాల విలన్ కథ పంపాను. ఇంకొకరితో కలిసి రాశాను. హీరోని మీరు చెప్పినట్టే ఖాయం చేశాం. చివరి అధ్యాయం నా సహరచయిత రాశారు. ప్లేయర్ ఏ దారిన వచ్చినా, గెలిచినా ఓడినా, హీరో నాలుగు పేరాలు మాట్లాడతాడు. నువ్వు ఎంత దిగజారావో, నీలో ఎంత మంచి వృథా అయిందో చెబుతాడు. మధ్యలో ప్లేయర్‌కి ఒక్క ఎంపిక లేదు. "తర్వాత" అన్న బటన్ నొక్కుకుంటూ వినడమే. తీసేద్దాం అని మూడుసార్లు అడిగాను. "హీరో అంటే అలాగే ఉండాలి" అన్నారు. ఫలితాలప్పుడు న్యాయనిర్ణేత రాసిన వ్యాఖ్య ఒకే ఒక్క వాక్యం: ప్లేయర్‌కి బుద్ధి చెప్పిన ముగింపు బాగుంది.

నేను ఆ విలన్‌ని రాసింది బుద్ధి చెప్పించడానికి కాదు. 1954లో అమెరికాలో కామిక్స్‌కి ఒక నియమావళి పెట్టారు. ప్రతి కథలోనూ మంచే గెలవాలి, నేరం చేసినవాడికి శిక్ష పడాలి అని అందులో ఉంది. ఆ నియమావళిని పట్టుకున్న చివరి ప్రచురణకర్తలు 2011లో వదిలేశారు. మనకి ఎవరూ పెట్టకపోయినా మనమే పెట్టుకుంటున్నాం. ఖాయమైన హీరో అని మీరన్నప్పుడల్లా నాకు ఆ నాలుగు పేరాలే వినబడతాయి.

నిశ్శబ్దం:
ఇప్పుడర్థమైంది. మీ గొడవ శక్తి గురించి కాదన్నమాట.

కోటగోడ:
సోమరితనం అన్నందుకు క్షమించండి. మీ శ్రమ గురించి తెలియక అన్నాను. కానీ నా అనుభవం కూడా వినండి.

నేను ఆడిన ఒక విలన్ కథలో హీరో మొత్తం నా ఎంపికలతోనే తయారయ్యాడు. బలం నేను చెప్పిందే, మాటతీరు నేను చెప్పిందే. ఐదో అధ్యాయంలో తప్పించుకోవడానికి ఒక కాపలావాడిని మేడ మీంచి తోసేశాను. నొక్కాక చెయ్యి వణికింది, ఎందుకు నొక్కానా అనిపించింది. తర్వాతి సీన్‌లో హీరో వచ్చాడు. ఆ కాపలావాడి గురించి ఏమైనా అంటాడని ఎదురు చూశాను. "నిన్ను నేను అర్థం చేసుకోగలను" అన్నాడు. ఆ మనిషి పేరు కూడా ఎత్తలేదు. ఆ క్షణంలో ఆ కథలో నేనొక్కడినే ఉన్నానని తెలిసిపోయింది. ఇంకెవరూ లేరు. ఆపేశాను.

నేను ఏం చేసినా అర్థం చేసుకునే శత్రువు నాకు అక్కర్లేదు. నాకు "కాదు" అని చెప్పేవాళ్లు కావాలి. నేను ఎంపిక చేయని "కాదు" కావాలి.

ఆరోవేలు:
"కాదు" అనడం వేరు, ఎదుటివాళ్లు తలదించుకునేదాకా వదలకపోవడం వేరు. హీరో "కాదు" అననివ్వండి. కానీ ఆ మాటకి జవాబు చెప్పే అవకాశం ప్లేయర్‌కి ఉండాలి. జవాబు లేని "కాదు" నా లెక్కలో ఉపన్యాసమే.

కోటగోడ:
నేను అడిగే "కాదు"కి జవాబు ఉండకూడదు. ఉంటే అది బేరం.

ఆరోవేలు:
అయితే మనం ఎప్పటికీ ఒప్పుకోం.

తొలిప్రతి:
రెండు రోజులుగా మీ ఇద్దరి మాటలూ పదేపదే చదివాను. దివిటీ మారదు. ఆమె శక్తి వెలుగే, ఆమె ఆడమనిషే. కానీ నేను తప్పు చేసిన చోటు దొరికింది. శక్తికి శక్తిని జోడించాలని చూశాను. వెలుగు నీడకి విరుగుడు కాబట్టి ఆ ఇద్దరికీ నచ్చింది, అంతే. మిగతావాళ్లకి దివిటీకీ తమకీ మధ్య ఏమీ లేదు.

అందుకని మొదటి అధ్యాయంలో, ప్లేయర్ తన శక్తిని మొదటిసారి బయటపెట్టే రాత్రే, దివిటీకి ఒక నష్టం జరుగుతుంది. ప్లేయర్‌కి అప్పుడది తెలియదు. లోహం దారిలో వంతెన వంగి ఆమె తమ్ముడి కాళ్లు పోతాయి. నీడ దారిలో ఆమె కాపలా కాస్తున్న సాక్షి మాయమవుతాడు. జ్ఞాపకాల దారిలో ఆమె తల్లి ఆమెని మర్చిపోతుంది. మనిషి ఒకటే, గాయం మూడు రకాలు. సెమికోలన్ గారు చెప్పినట్టు దీనికి స్టాట్ లేదు, ఒక్క వేరియబుల్. మూడో దారిలో ఇద్దరూ మొదటిసారి ఎదురుపడే చోటు ఇది:

దివిటీ వెలుగు ఆర్పేసింది. చీకట్లో ఆమె గొంతు మామూలుగా ఉంది.
"రోజూ పొద్దున్నే తలుపు కొడతాను. అమ్మే తీస్తుంది. 'ఎవరు కావాలమ్మా?' అంటుంది. నా పేరు చెబుతాను. 'మంచి పేరు' అంటుంది. నిన్న కూర్చోమంది. మంచినీళ్లిచ్చి, మీ అమ్మగారు బాగున్నారా అని అడిగింది."
కాసేపు ఆగింది.
"మీరు తిరిగి ఇవ్వగలరా?"

ప్లేయర్‌కి మూడు ఎంపికలు: ఇవ్వగలనని అబద్ధం చెప్పడం, ఇవ్వలేనని నిజం చెప్పడం, ఆ రాత్రి నాకేం జరిగిందో నువ్వు అడిగావా అని ఎదురు ప్రశ్న వేయడం.

నిశ్శబ్దం:
ఆ "మంచి పేరు" దగ్గర ఆగిపోయాను.

సెమికోలన్:
ఇక్కడ "మీరు" సరిగ్గా పడింది. హీరో అంటోంది కాబట్టి. విలన్ కథనంలో "ఆర్పేసింది" అనే ఉంచండి, గౌరవం వద్దు. ఆమెని ఆడమనిషిగానే ఉంచుతున్నారు కాబట్టి క్రియల బాధ కూడా తీరింది.

కోటగోడ:
బాగుంది. ఇప్పుడు ఆమె ఎవరో తెలుస్తోంది. మూడో ఎంపిక తీసేయండి. ఆ ప్రశ్న తర్వాత విలన్‌కి తన గోడు చెప్పుకునే హక్కు లేదు.

ఆరోవేలు:
ఆ మూడోది తీసేస్తే నేను మొదటి పేజీకి మించి చదవను. ఆ రాత్రి ప్లేయర్‌కి కూడా ఏదో జరిగింది, మొదటి అధ్యాయం అంతా దాని గురించే కదా. తొలిప్రతి గారూ, అది నొక్కితే ఆమె ఏమంటుంది?

తొలిప్రతి:
ఇంకా రాయలేదు. "అడగలేదు. చెప్పండి" అంటుందని ఒకసారి అనిపిస్తోంది. ఏమీ అనకుండా మళ్లీ వెలుగు వెలిగిస్తుందని ఇంకోసారి అనిపిస్తోంది. రెండూ రాసి ఆ ఆరుగురికే మళ్లీ పంపుతాను. ఈసారి నీడ తీసుకున్న ఇద్దర్నీ ఈ దారిలో ఆడమని అడుగుతాను.

చదువరి22:
ఇవ్వగలనని అబద్ధం చెబితే ఆమె నమ్ముతుందా? నేను అదే నొక్కుతాను.